పద్దెనిమిది పిక్సెళ్ల గడి

తోర్షావ్న్ రేవు ఎదురుగా మూడో అంతస్తు.
కిటికీ అవతల సముద్రం ఉందో లేదో
ఈ పూట పొగమంచు చెప్పదల్చుకోలేదు.
హీటరు మీద తడి మేజోళ్లు ఆరేసి
రన్‌వా ఒక గడి గీస్తోంది.

అటు పద్దెనిమిది పిక్సెళ్లు, ఇటు పద్దెనిమిది.
మూలలు కాస్త గుండ్రం, పసివాడి గోరులా.
లోపల ఏమీ లేదు.

ఇదివరకు పేజీకో గడి.
పడవ టికెట్లకి నీలం, ఆసుపత్రికి బూడిద రంగు,
లైబ్రరీ వాళ్లది మరీ చిన్నది,
వేలు పెడితే పక్కదానికి తగిలేది.
ఎవరి వంట వాళ్లది, ఎవరి ఉప్పు వాళ్లది.
"ఒక్కసారి సరిగ్గా వండి
అందరికీ అదే వడ్డిద్దాం" అంది.

ఇప్పుడు నలభై ఒక్క చోట్ల అదే గడి.
నాతో కుక్క వస్తోంది.
పాపకి చేపలు పడవు.
కారు పొడవు ఐదు మీటర్లు దాటదు.
శవపేటికతో పాటు ప్రయాణిస్తున్నాను.
గడికి ఇవేవీ తెలియవు.
పక్కన ఏ వాక్యం కూర్చున్నా అడగదు.
నొక్కితే తనంతట తాను మారిపోదు కూడా,
కొత్తగా చేరిన గుమస్తాలా
పైకి కబురు పంపి
పేజీ సరేనన్నాకే టిక్కు పెట్టుకుంటుంది.

గురువారం ట్రోందుర్ వచ్చాడు.
ముప్పై ఏళ్లు ఓడల రేడియో విన్న చెవులు,
పన్నెండేళ్లుగా చూపు లేని కళ్లు.
మౌస్ పక్కకి నెట్టి ట్యాబ్ నొక్కుతూ వెళ్లాడు.
తెర చదివే గొంతు పేరు చదివింది, ఊరు చదివింది,
గడి ఉన్న చోట మాత్రం
ఏమీ లేనట్టు దాటిపోయింది.
మళ్లీ వెనక్కి. మళ్లీ దాటేసింది.
"గోడ మీద తలుపు బొమ్మ గీశావమ్మాయ్," అన్నాడు,
"తలుపు పెట్టడం మర్చిపోయావు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.
నలభై ఒక్క గోడలు.

ఆ రాత్రి కాఫీ చల్లారిపోయింది, రెండుసార్లు.
తన బొమ్మ కింద
బ్రౌజరు పాతకాలం నుంచీ ఇస్తున్న మామూలు గడిని,
అందంగా లేదని తనే తీసి పారేసినదాన్ని,
తెచ్చి కూర్చోబెట్టింది.
మాటకీ గడికీ ముడి వేసింది,
ఏది తాకినా రెండూ పలికేలా.
స్పేస్ బార్‌కి దారి ఇచ్చింది.
ఒకే ఫైలు, పదకొండు వరుసలు.
తెల్లారేసరికి నలభై ఒక్క తలుపులు
చడీచప్పుడు లేకుండా తెరుచుకున్నాయి.

పడవల కంపెనీ నుంచి హైని ఫోను చేశాడు.
"ఆఫర్ల మెసేజీలు పంపమనే గడి ఉంది చూడు,
అది ముందే టిక్కు పెట్టి ఉంచు.
ఎవరూ తీయరు. మౌనం అర్ధాంగీకారం."
"అర్ధమేగా," అంది రన్‌వా,
"మిగతా సగం ఎవరిది?"

మేనమామతో కొండ మీద
గొర్రెపిల్లల చెవులకి గాటు పెట్టింది తను చిన్నప్పుడు,
ఎవరి మందో తెలియడానికి.
చేతిలో వణికే ఆ వెచ్చటి చెవి ఇంకా గుర్తుంది.
దాన్ని ఎవరూ అడగలేదు.
హైనికి ఇదంతా చెప్పలేదు.
"ఈ గడి పుట్టుకే ఖాళీ," అని పెట్టేసింది.
(ఆ నెల బిల్లు ఆలస్యంగా వచ్చింది.)

మళ్లీ గురువారం.
ట్రోందుర్ సువురొయ్‌లో చెల్లెలి ఇంటికి
తనే టికెట్టు తీసుకుంటున్నాడు.
ట్యాబ్. ట్యాబ్.
"ఓడ ఎక్కడానికి సాయం కావాలి. గడి. ఖాళీ."
ఆగాడు.
స్పేస్ నొక్కాడు. "టిక్కు ఉంది."
మళ్లీ నొక్కాడు. "ఖాళీ."
ఉంది. ఖాళీ. ఉంది. ఖాళీ.
దీపం మీట దొరికిన పిల్లాడిలా
ఎన్నిసార్లో రన్‌వా లెక్కపెట్టలేదు.

ఆఖరికి ఖాళీగానే వదిలి
కింది వరుసకి దిగాడు.